పొలం గట్టు ఎక్కని రేఖాగణితం

భూముల రీసర్వేకు రాష్ట్రంలో తొలి రాయి పడింది జగ్గయ్యపేట మండలంలోనే. 2020 డిసెంబరు 21న అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్‌మోహన్‌రెడ్డి తక్కెళ్లపాడు వచ్చి సర్వే రాయి పాతారు. వందేళ్ల తర్వాత జరుగుతున్న సర్వే ఇదేనని ప్రభుత్వం చెప్పుకుంది. ఒకప్పుడు గొలుసులు లాగిన పొలాల్లోకి రోవర్లు దిగాయి, పైన డ్రోన్లు ఎగిరాయి. ఆ తర్వాత ప్రభుత్వం మారింది. విస్తీర్ణంలో తేడాలొచ్చాయన్న రైతుల ఫిర్యాదులు ఊరూరా వినిపించాయి.

రోవర్ చేసే పనిలో మంత్రం ఏమీ లేదు. పొలం ఒక్కో మూల ఎక్కడుందో రెండు అంకెల్లో చెబుతుంది. బళ్లో నిరూపకాలు అనేది వాటినే. మూలల నిరూపకాలు చేతికొచ్చాక విస్తీర్ణం తీయడం కూడికలు, గుణకారాల పని. ఆ లెక్క పదో తరగతిది. మూడు శీర్షాల నిరూపకాలు తెలిస్తే త్రిభుజ వైశాల్యం కనుక్కునే సూత్రం పాత రాష్ట్ర పుస్తకంలో ఉండేది. 2024-25లో ఆంధ్రప్రదేశ్ పదో తరగతికి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం వచ్చింది. అందులో నిరూపక జ్యామితి అధ్యాయం ఉంది, దూరం సూత్రం ఉంది, విభజన సూత్రం ఉంది. వైశాల్యం మాత్రం లేదు.

పోయింది అదొక్కటే కాదు. కోవిడ్ తర్వాత పిల్లల మీద భారం తగ్గించాలని 2022లో ఎన్‌సీఈఆర్‌టీ పాఠాలు కుదించింది. పదో తరగతి గణితంలో ఆ కత్తెర ఎక్కువగా పడింది రేఖాగణితం మీదే. నిర్మాణాల అధ్యాయం మొత్తం పోయింది. సరూప త్రిభుజాల వైశాల్యాల నిష్పత్తి పోయింది. పైథాగరస్ సిద్ధాంతం నిరూపణ పోయింది. బకెట్ ఆకారంలో ఉండే శంకు ఛిన్నకం పోయింది. తొమ్మిదిలో హెరాన్ సూత్రం మిగిలింది గానీ, దాంతో చతుర్భుజాల వైశాల్యం కట్టే భాగం పోయింది. గరికపాడు చెక్‌పోస్టు దాటి కోదాడ వెళ్తే, 2024-25 విద్యా సంవత్సరంలోనే అక్కడి పిల్లలు తెలంగాణ సొంత పుస్తకంలో నిర్మాణాలు, పైథాగరస్, నిరూపకాలతో వైశాల్యం చదువుకున్నారు. సరిహద్దుకు ఇవతలి పిల్లలకు జామెట్రీ బాక్సులో వృత్తలేఖినితో పని తగ్గింది.

దసరా తర్వాత పదో తరగతి గణితంలో మిగిలేది దాదాపుగా రేఖాగణితం, దాని చుట్టాలే. సరూప త్రిభుజాలు, త్రికోణమితి, వృత్తానికి స్పర్శరేఖలు, సెక్టార్ల వైశాల్యం, ఘనపరిమాణాలు. ప్రపంచంలో చాలా దేశాల హైస్కూళ్లలో ఈ వయసు పిల్లలకు ఇంచుమించు ఇవే పాఠాలు. నందిగామ, జగ్గయ్యపేట లాంటి చోట వీటికో ప్రత్యేకత ఉంది. ఇక్కడ పత్తి, మిర్చి వేసే రైతుకు సెంట్ల లెక్క కావాలి. హైదరాబాద్-విజయవాడ రోడ్డు పక్కన ఇంటి స్థలం కొనేవాడికి గజాల లెక్క కావాలి. బళ్లో నేర్చిన దాన్ని ఇంటికి తీసుకెళ్లి వాడుకోగల పాఠాలు చదువులో ఎక్కువ లేవు. ఉన్నవాటిలో ఇదొకటి.

ఒక ఉదాహరణ వేసి చూస్తే తేలుతుంది. నాలుగు మూలల చెక్క ఒకటి ఉందనుకుందాం. మీటర్లలో మూలల నిరూపకాలు (0, 0), (60, 0), (70, 50), (10, 40). భుజాలు వరసగా 60, 51, 61, 41 మీటర్లకు కాస్త అటూ ఇటూ. ఇలాంటి వంకర చెక్కకు ఊళ్లో వేసే లెక్క అందరికీ తెలిసిందే. ఎదురెదురు భుజాలు కలిపి సగం చేసి, ఆ రెండు సగటులనూ గుణిస్తారు. అలా చేస్తే సుమారు 2,786 చదరపు మీటర్లు, అంటే దాదాపు 69 సెంట్లు వస్తుంది. నిరూపకాల సూత్రంతో కడితే కచ్చితంగా 2,650 చదరపు మీటర్లు, అరవై అయిదున్నర సెంట్లు. తేడా 160 గజాల పైమాటే. చాలా ఊళ్లలో అది ఒక ఇంటి స్థలం.

సగటు లెక్క ఎప్పుడు తప్పినా ఒకే వైపు తప్పుతుంది. దీర్ఘచతురస్రానికి తప్ప, మరే చతుర్భుజానికైనా అసలు కన్నా ఎక్కువే చూపిస్తుంది. అమ్మేవాడికి లాభం, కొనేవాడికి నష్టం. రీసర్వేలో భూమి తగ్గిందన్న ప్రతి ఫిర్యాదుకూ ఇదే కారణమని అనడానికి లేదు. కొలతలో పొరపాట్లూ ఉంటాయి, గట్టు జరిపిన పొరుగువాళ్లూ ఉంటారు. కానీ పాత కాగితంలో ఉన్న అంకె ఏ పద్ధతిలో పుట్టిందో అడగాలన్న ఆలోచన రావాలంటే, పద్ధతిని బట్టి అంకె మారుతుందని ముందు తెలిసి ఉండాలి.

ఈ సంగతి మనవాళ్లకు కొత్తేమీ కాదు. 7వ శతాబ్దంలో బ్రహ్మగుప్తుడు ఈ సగటు లెక్కను స్థూలమని చెప్పి, సూక్ష్మమైన లెక్కను వేరుగా ఇచ్చాడు. 9వ శతాబ్దపు మహావీరాచార్యుడు గణితసారసంగ్రహంలో క్షేత్రాల కొలతకు ఒక అధ్యాయం, గోతుల ఘనపరిమాణానికి ఒకటి, నీడలకు ఒకటి కేటాయించాడు. క్షేత్రాల అధ్యాయంలో వ్యవహారానికి సరిపోయే లెక్క వేరు, సూక్ష్మమైన లెక్క వేరు అని విడదీశాడు. ఆ గ్రంథాన్ని 11వ శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగు చేశాడు. తెలుగులో తొలి గణిత గ్రంథంగా చెప్పుకునేది అదే. అంటే మన భాషలో గణితం మొదలైంది పొలం కొలిచే రేఖాగణితాన్ని చంకనెత్తుకునే.

బ్రిటిష్ సర్వే వాళ్లు పాటించిందీ పదో తరగతి లోపు రేఖాగణితమే. ఎఫ్ఎంబీ అని రైతులు పిలిచే క్షేత్ర కొలతల పుస్తకంలో ప్రతి సర్వే నంబరుకూ ఒక పటం ఉంటుంది. పొలానికి అడ్డంగా ఒక కర్ణం గీసి, మిగతా మూలల నుంచి దాని మీదికి లంబాలు వేస్తారు. పొలం త్రిభుజాలుగా విడిపోతుంది. గంటర్ గొలుసు పొడవు 66 అడుగులు, అందులో 100 లింకులు. కర్ణం 500 లింకులు, ఒక పక్క లంబం 180, రెండో పక్క 220 అయితే, లంబాలు కలిపి 400. దాన్ని 500తో గుణించి సగం చేస్తే లక్ష చదరపు లింకులు. సరిగ్గా ఒక ఎకరం. వెయ్యి చదరపు లింకులు ఒక సెంటు. గొలుసును ఆ పొడవుకు ఎంచుకున్నదే లెక్క ఇంత తేలిగ్గా కుదరాలని.

పుస్తకంలో ఇప్పుడున్న ఉదాహరణలు చూడండి. త్రికోణమితి అనువర్తనాల్లో 75 మీటర్ల లైట్‌హౌస్ మీద నుంచి రెండు ఓడలను చూస్తారు. ఘనపరిమాణాల్లో 45 గులాబ్‌జామూన్లలో పాకం ఎంతుందో కడతారు. గులాబ్‌జామూన్ పర్వాలేదు, పిల్లలు నవ్వుకుంటూ చేస్తారు. కానీ మున్నేరు, పాలేరు చూసి పెరిగిన పిల్లలకు లైట్‌హౌస్ ఊహించుకోవాల్సిన వస్తువు. నందిగామ నుంచి విజయవాడ బస్సెక్కితే పరిటాల దగ్గర 135 అడుగుల ఆంజనేయస్వామి విగ్రహం కనిపిస్తుంది. 2003 నుంచి అక్కడే ఉంది. కోణమానిని అంచుకు ఒక స్ట్రా అతికించి, మధ్యలో దారానికి బరువు కట్టి వేలాడదీస్తే ఊర్ధ్వకోణం కొలిచే పరికరం తయారు. ఖర్చు పది రూపాయలు కూడా కాదు. కన్ను నేల నుంచి అయిదు అడుగుల ఎత్తున ఉంటే, విగ్రహం పాదం నుంచి 130 అడుగుల దూరంలో 45 డిగ్రీలు రావాలి. చెయ్యి వణికి 46 వచ్చిందా, ఎత్తు లెక్కలో నాలుగున్నర అడుగులు పెరుగుతుంది. కొలతలో తప్పు జవాబులోకి ఎలా పాకుతుందో ఏ పాఠ్యపుస్తకమూ ఇంత సూటిగా చెప్పదు.

వృత్తాల అధ్యాయానికి జగ్గయ్యపేటలో ధనబోడు అనే దిబ్బ మీద పాఠం సిద్ధంగా ఉంది. 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వించిన బౌద్ధ స్తూపం వ్యాసం సుమారు 31 అడుగులు. ఇటుకల దిబ్బ నిండా ఉంటే మధ్యబిందువు దగ్గరికి పోవడం కుదరదు. అక్కడికి చేరకుండానే వ్యాసార్ధం ఎలా తెలుస్తుంది? అంచుకు పది అడుగుల దూరంలో నిలబడి, స్తూపాన్ని ఒరుసుకుంటూ పోయేలా తాడు లాగితే అది స్పర్శరేఖ. తగిలే చోటుకు 20 అడుగుల పైచిలుకు వస్తుంది. రెండో వైపు లాగినా అంతే రావాలి. బాహ్యబిందువు నుంచి గీసిన స్పర్శరేఖలు సమానమన్న సిద్ధాంతం అదే. స్పర్శరేఖ, వ్యాసార్ధం ఒకదానికొకటి లంబం కనుక పైథాగరస్ వేస్తే పదిహేనున్నర అడుగుల వ్యాసార్ధం బయటికి వస్తుంది. రెండు సిద్ధాంతాలు, ఒక తాడు, ఒక పూట. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి కాలపు శాసనం దొరికిన చోటు కాబట్టి చరిత్ర మాస్టారు కూడా వెంట వస్తే మరీ మంచిది.

ఉపాధ్యాయుల వాదనా వినాలి. పదో తరగతి గణితం పరీక్ష 100 మార్కులకు, 33 ప్రశ్నలు. 12 ఒక మార్కువి, 8 రెండు మార్కులవి, 8 నాలుగు మార్కులవి, 5 ఎనిమిది మార్కులవి. డిసెంబరుకల్లా సిలబస్ పూర్తి చేసి, ఆ తర్వాత వంద రోజుల ప్రణాళిక అంటూ స్లిప్ టెస్టులు పెట్టాలి. భిన్నాలే సరిగ్గా రాని పిల్లలు తరగతికి కొందరుంటారు. వాళ్లను గట్టెక్కించడమే గొప్ప అనుకునే పరిస్థితిలో పొలాలూ స్తూపాలూ ఎక్కడ తిప్పుతారు? న్యాయమైన ప్రశ్నే.

అయితే వెనకబడ్డ పిల్లలకు ఈ కోత మేలు చేసిందా అన్నది చూడాలి. పాత పద్ధతిలో నిర్మాణం, గ్రాఫు వాళ్లకు దిక్కు. త్రిభుజానికి సరూప త్రిభుజం గీయడం, బయటి బిందువు నుంచి వృత్తానికి స్పర్శరేఖలు గీయడం చేతికి అలవాటైతే మార్కులు ఖాయం. ఆ నిర్మాణాల దారి మూసి, ప్రాథమిక అనుపాత సిద్ధాంతం నిరూపణ లాంటివి ఉంచారు. దాన్ని ఏం చేస్తారో అందరికీ తెలుసు. బట్టీ పడతారు, లేకపోతే ఆప్షన్‌లో వదిలేస్తారు. పుస్తకం పలచబడింది, పని మాత్రం తేలిక కాలేదు. చేత్తో చేసేది తీసేసి నోటితో అప్పజెప్పేది మిగిల్చితే భారం తగ్గినట్టా?

ఈ చదువుకు ఉద్యోగం వైపు నుంచీ లెక్క ఉంది. 2019లో గ్రామ సచివాలయాలు వచ్చినప్పుడు గ్రామ సర్వేయర్ పోస్టులూ వచ్చాయి. వాటికి అర్హత ఐటీఐ డ్రాఫ్ట్స్‌మన్, సివిల్ డిప్లొమా లాంటివి. పదో తరగతి తర్వాత పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ రాసి ఆ దారిన వెళ్లే పిల్లలు ఈ పల్లెల్లో చాలామంది. వాళ్లు మొదటి ఏడాదిలో చేయాల్సిన డ్రాయింగుకు పునాది పడేది పదో తరగతి నిర్మాణాల దగ్గరే.

రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ మండలి చేయగలిగిన పని పెద్దదేమీ కాదు. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాన్ని పక్కన పెట్టమని ఎవరూ అడగడం లేదు. నిరూపకాలతో వైశాల్యం, చతుర్భుజాన్ని త్రిభుజాలుగా విడదీయడం, రెండు మూడు నిర్మాణాలు కలిపి కొద్ది పేజీల అనుబంధం వేస్తే చాలు. పబ్లిక్ పరీక్షలో పెట్టకపోయినా ఫరవాలేదు. ఫార్మేటివ్ అసెస్‌మెంట్లలో ప్రాజెక్టు పనికి మార్కులు ఎటూ ఉన్నాయి. ఇప్పుడు వాటికి చార్టుల మీద రంగు పెన్సిళ్లతో పటాలు గీసి ఇస్తున్నారు. ఆ చార్టుల బదులు ప్రతి విద్యార్థీ తన ఇంటి స్థలమో, బడి ఆవరణో, నాన్న పొలమో కొలిచి, రెండు పద్ధతుల్లో విస్తీర్ణం కట్టి, తేడా ఎందుకొచ్చిందో రెండు వాక్యాలు రాసి ఇవ్వాలి. గ్రామ సర్వేయర్‌ను ఒక పూట బడికి పిలిపించి రోవర్ చూపించమనడానికి మండల విద్యాశాఖాధికారి ఒక కాగితం రాస్తే సరిపోతుంది.

వచ్చే విద్యా సంవత్సరం పుస్తకాలు అచ్చుకు వెళ్లే ముందే మండలి ఈ అనుబంధాన్ని సిద్ధం చేయాలి. అంతవరకూ ఆగనక్కర్లేని పని తల్లిదండ్రుల చేతిలో ఒకటుంది. ఇంట్లో పదో తరగతి పిల్లలుంటే పాసుపుస్తకం, ఎఫ్ఎంబీ పటం బయటికి తీసి వాళ్ల ముందు పెట్టండి, మన చెక్క ఎన్ని సెంట్లో కట్టి చెప్పమని అడగండి.