వాహ్ వా ముందు, షేర్ వెనక

స్టూడియోలో ముషాయిరా రికార్డు చేసే భాయిలకు నాదొక గుజారిష్. నాలుగు కెమెరాలు పెట్టారు, ఆడియోకు వేరే రికార్డరూ పెట్టారు, షుక్రియా. మరి అన్నిటికీ ఒకే వఖ్త్ ఏదీ? సెకనుకు 25 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేము 40 మిల్లీసెకన్లే. దేని లోపలి గడియారం దానిదే, ఇంతింతగా జరుగుతూ పోతుంది. మెహఫిల్ మూడో గంటకొచ్చేసరికి షాయర్ పెదవులొక దిక్కు, ఆవాజ్ ఇంకో దిక్కు. 'ఎడిటింగ్‌లో చూసుకుందాం లెండి' అనే జవాబు నాకు నచ్చదు. ఎనభై ఏళ్ల బుజుర్గ్ చదివిన గజల్‌ను మళ్లీ చదివించుకోగలమా?

మాస్టర్ క్లాక్ నుంచి అన్నిటికీ ఒకే టైమ్‌కోడ్ ఇవ్వండి, ఫ్రేమ్‌రేట్ కూడా ఒకటే పెట్టండి. టైమ్‌కోడ్ ఫ్రేములకు నంబర్లే వేస్తుంది. అవి ఒకే క్షణాన మొదలవ్వాలంటే జెన్‌లాక్ కావాలి. ఖర్చంటారా? కనీసం మొదట్లో, ఆఖర్లో, అన్ని కెమెరాలకూ కనబడేలా ఒక్కో చప్పట్టు కొట్టించండి.