చుక్కల పుస్తకమూ, చేబదులు లెక్కా



చిలకలూరిపేట దాటి మార్టూరు వైపు వెళ్లే దారిలో, కల్లాల్లో ఎర్రగా మిరపకాయలు ఆరబోసి ఉన్న రోజుల్లో, ఒక అస్ర్ నమాజు తర్వాత తల్లీకూతుళ్లు మా ఇంటికి వచ్చారు. అమ్మాయి డిగ్రీ చదువుతోంది. ప్రతి రాత్రీ నిద్రకు ముందు ఆ దినపు సంగతులు రాసుకునే అలవాటు చేసుకోవాలని సంకల్పించింది. అందుకు మందపాటి కాగితంతో, గీతలకు బదులు చుక్కలున్న నోటుపుస్తకం ఒకటి చూసుకుంది. వెల ఆరు వందల యాభై రూపాయలు.

“హజ్రత్, రెండు రోజుల మిరప కోత కూలి పోసి తెల్లకాగితాలు కొనడం ఇస్రాఫ్ కాదా? మీరే చెప్పండి దీనికి” అన్నది తల్లి. అమ్మాయి తల వంచుకుని, “అబ్బా పుస్తకం సంగతి మీకు తెలుసు కదా హజ్రత్” అని మాత్రమే అన్నది.

అవును, మాకు తెలుసు. ఆ మాటతో మేము కొంతసేపు మౌనంగా ఉండిపోయాము.

ఆ అమ్మాయి తండ్రి కౌలు రైతు. నల్లరేగడి నేలలో కొంత పత్తి, కొంత మిరప వేసేవారు. 2021-22 పంటకాలంలో నల్ల తామర పురుగు గుంటూరు, ప్రకాశం జిల్లాల మిరప తోటలను దెబ్బతీసినప్పుడు ఆయన చేను కూడా పోయింది. పురుగుమందులకని పక్క పొలం రైతు దగ్గర విడతలు విడతలుగా చేబదులు తీసుకున్నారు. వడ్డీ లేదు, నోటు లేదు. ఇద్దరిదీ ఇరవై ఏళ్ల స్నేహం. ఆయన హిందూ సోదరుడు. పిల్లలంతా ఆయనను బాబాయి అని పిలుస్తారు. మరుసటి ఏడు అమ్మాయి తండ్రి గుండెపోటుతో అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు.

మృతుని అప్పులు తీరిన తర్వాతే వారసత్వ పంపకమని సూరా నిసా 11, 12 ఆయతులు స్పష్టం చేస్తున్నాయి. కనుక లెక్క చూడడానికి మమ్మల్ని పిలిచారు. ఆయన అప్పులు రాసుకున్న మాట నిజమే. కాని రాసుకున్నది జేబులో పట్టే పలుచని పుస్తకంలో. చెమటకు తడిసి, ఆరి, మళ్లీ తడిసిన కాగితం. ఒక పుటలోని సిరా రెండో పుటలోకి దిగింది. బాబాయి పేరు ఎదుట ఉన్న అంకె 18 వేలా, 48 వేలా? వెనుక పుటలోని గీత ఒకటి ముందుకు వచ్చి ‘1’ని ‘4’గా చేసిందా, లేక ‘4’ సగం చెరిగి ‘1’గా మిగిలిందా? కాగితాన్ని ఎండకు పెట్టి చూశాము. తేలలేదు. బాబాయి, “నలభై పైనే అని నా జ్ఞాపకం, కాని ఒట్టు వేసి చెప్పలేను. మీకు తోచింది ఇవ్వండి, లేకుంటే వదిలేస్తాను” అన్నారు. అక్కడ అబద్ధమాడిన వారు ఒక్కరూ లేరు.

చివరకు సుల్‌హ్ చేశాము. మధ్య మొత్తం 33 వేలు. సందేహంలో ఉన్న భాగాన్ని చిన్నపిల్లల వాటా తాకకుండా తల్లి, పెద్ద కుమారుడు తమ వాటాల నుంచే భరించారు. తగవు సమసింది, స్నేహం నిలిచింది. కాని మనసు సమాధానపడలేదు. అసలు 48 వేలే అయితే స్నేహితునికి ఇంకా 15 వేలు రావాలి. 18 వేలే అయితే ఆ ఇంటి కష్టార్జితంలో 15 వేలు అదనంగా పోయాయి. ఏది నిజమో ప్రళయదినాన తెలుస్తుంది. “అప్పు రాసుకోండి” అని ఆయనకు జుమా ప్రసంగాలలో ఏళ్ల తరబడి బోధించిన వారము మేమే. దేనిమీద రాస్తున్నారని మాత్రం ఒక్కనాడూ అడగలేదు.

ఇప్పుడు ఇస్రాఫ్ ప్రశ్నకు వద్దాము. సూరా ఫుర్‌ఖాన్ 67వ ఆయత్ దుబారానూ పిసినారితనాన్నీ రెండింటినీ కాదని మధ్యేమార్గాన్ని చూపిస్తుంది. వస్తువు వెల ఒక్కటే దుబారాను నిర్ణయించదు. అవసరాన్నీ వినియోగాన్నీ కలిపి చూడాలి. అట్ట అందానికి కొని, నాలుగు పుటలు రాసి, అలమరలో పడవేస్తే పది రూపాయల పుస్తకం కూడా దుబారాయే. ఏడాది పాటు రాసి, ఇరవై ఏళ్ల తర్వాత కూడా చదవగలిగేది ఆరు వందల యాభై అయినా దుబారా కాదు.

దివ్య ఖుర్‌ఆన్‌లో అన్నింటికన్నా దీర్ఘమైన ఆయత్ సూరా బఖరాలోని 282వది. అది నమాజు గురించో, ఉపవాసం గురించో కాదు, అప్పు పత్రం గురించి అవతరించింది. గడువుతో కూడిన అప్పును రాసిపెట్టమనీ, మొత్తం చిన్నదైనా పెద్దదైనా రాయడానికి విసుగు చెందవద్దనీ, అప్పు తీసుకున్నవాడే చెప్పి రాయించాలనీ, సాక్షులను పెట్టుకోవాలనీ ఆదేశిస్తుంది. అధిక సంఖ్యాక ధర్మవేత్తలు దీనిని విధిగా కాక, అభిలషణీయమైన ఆదేశంగా పరిగణించారు. అయినా అంత విపులంగా చెప్పిన మాటను తేలికగా తీసుకోవడం విశ్వాసికి తగదు. దైవప్రవక్త (స) అప్పు తీర్చకుండా మరణించిన వ్యక్తికి తాము జనాజా నమాజు చేయించక, సహచరులను చేసుకోమన్న సంఘటన బుఖారీలో ఉంది. ఆ అప్పు మూడు దీనార్లు. అబూ ఖతాదా (రజి) ఆ బాకీని తన మీద వేసుకున్న తర్వాతే ఆయన (స) నమాజు చేయించారు. వీలునామా రాయవలసిన విషయమున్న ముస్లిం అది రాసిపెట్టుకోకుండా రెండు రాత్రులు గడపరాదన్న హదీసు బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉంది.

దినచర్య రాసుకోవడం పరాయి అలవాటు అని కొందరు పెద్దలు అనుకుంటారు. బాగ్దాద్‌కు చెందిన హంబలీ పండితుడు అబూ అలీ ఇబ్నుల్ బన్నా (రహ్మ) క్రీ.శ. 1068-69 ప్రాంతంలో స్వహస్తాలతో రాసుకున్న దినచర్యలో కొంత భాగం నేటికీ నిలిచి ఉంది. నగరంలో ఎవరు మరణించారో, ఏ గొడవ జరిగిందో, తనకు ఏ కల వచ్చిందో అందులో రాసుకున్నారు. 18వ శతాబ్దంలో డమస్కస్ నగరపు క్షురకుడు ఇబ్న్ బుదైర్ 1741 నుంచి 1762 వరకు తన ఊరి సంగతులను, తిండి గింజల ధరలతో సహా నమోదు చేశారు. ఆయన దర్బారు చరిత్రకారుడు కాదు, పెద్ద పండితుడూ కాదు. మన గుంటూరు మిర్చి యార్డుకు టిక్కీలు వేసుకుని వెళ్లే రైతు కూడా అట్లాగే రాసుకోవచ్చు కదా!

అంతెందుకు, మన తెలుగు రైతు లెక్కల్లో వాడే జమా, ఖర్చు, బాకీ, వసూలు, రసీదు, దస్తావేజు అన్నీ అరబీ, ఫారసీల నుంచి వచ్చిన మాటలే. కాగితం అన్న మాట ఫారసీ ‘కాగజ్’ నుంచి వచ్చింది. 8వ శతాబ్దంలో సమర్‌ఖండ్ మీదుగా ముస్లిం ప్రపంచానికి చేరిన కాగితపు విద్య ఆ శతాబ్దం ముగిసేలోగా బాగ్దాద్‌లో స్థిరపడింది. ఆనాటి పనివారు పాత గుడ్డపేలికలను, తాళ్లను నానబెట్టి దంచి కాగితం చేసేవారు. ఈనాడు మన ప్రకాశం జిల్లా రైతులు పెంచే సుబాబుల్, జామాయిల్ కర్ర కాగితపు మిల్లులకు వెళుతోంది. నోటుపుస్తకం మన నేలకు పరాయిది కాదు.

ఇక ఎంపిక విషయం. ఆ అమ్మాయికి చెప్పినదే పాఠకులకూ చెబుతున్నాము.

మొదటిది మందం. కాగితం బరువును జి.ఎస్.ఎం. అంటారు. ఒక చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ అంకె. బడి పుస్తకాలు సాధారణంగా 60 లేదా అంతకు తక్కువ ఉంటాయి. బాల్ పెన్నుకు 80 చాలు. సిరా పెన్ను వాడేవారు 100 గాని 120 గాని చూసుకోవాలి. అట్ట మీద వేసిన అంకెను నమ్మలేకపోతే, తూకం తెలిసిన మనకు తూకమే సాక్ష్యం. ఏ5 పరిమాణంలో ఒక కాగితం చదరపు మీటరులో 32వ వంతు. కనుక 100 కాగితాల పుస్తకం, అంటే 200 పుటలు, 100 జి.ఎస్.ఎం. అయితే అట్ట కాక సుమారు 310 గ్రాములు తూగాలి. 60 అయితే 190 గ్రాములు దాటదు.

రెండవది గంజి. మందం ఒక్కటే చాలదు. నూలు చీరకు గంజి ఎట్లాగో కాగితానికి పూత అట్లాగ. పూర్వం మన కాతిబులు వాడిన కాగితానికి గంజి పట్టించి, నున్నని రాతితో రుద్ది మెరుగుపెట్టేవారు. ఆ పూత లేని కాగితం ఎంత మందమైనదైనా సిరాను దూదిలా పీల్చుకుంటుంది, అక్షరాల అంచులు పాకుతాయి. కనుక పుస్తకం చేతికి రాగానే చివరి పుటలో మీరు వాడే పెన్నుతోనే కొన్ని అంకెలు వేయండి. పుట తిప్పి సిరా దిగిందేమో చూడండి. ఆరిన తర్వాత తడివేలితో నొక్కండి. కొన్ని జెల్ పెన్నుల సిరా నీటికి కరిగిపోతుంది. అప్పుల లెక్కకు బాల్ పెన్నే క్షేమం. మొత్తాన్ని అంకెల్లో రాసి, పక్కనే అక్షరాల్లో కూడా రాయండి. ‘పద్దెనిమిది’ని ‘నలభై ఎనిమిది’గా మార్చగల మరక ఏదీ లేదు.

మూడవది కుట్టు. రెంటచింతల ఎండలు ఎరిగిన ప్రాంతం మనది. ఒట్టి జిగురుతో అతికించిన పుటలు వేడికి ఊడివస్తాయి. దారంతో కుట్టిన పుస్తకం నిలుస్తుంది, బల్ల మీద చదునుగా తెరుచుకుంటుంది.

నాలుగవది చుక్కలు. పొరుగింటి సోదరీమణులు ముగ్గుకు ముందు పెట్టే చుక్కల వరుసలను తలచుకుంటే ఈ పుటలు ఎట్లా ఉంటాయో తెలుస్తుంది. చుక్కకూ చుక్కకూ మధ్య సాధారణంగా 5 మిల్లీమీటర్లు ఉంటుంది. వీటిలోని సౌకర్యం మన ఇళ్లకు ప్రత్యేకమైనది. ఎడమ నుంచి కుడికి తెలుగు, కుడి నుంచి ఎడమకు ఉర్దూ రాసుకునే కుటుంబాలు మనవి. గీతల పుస్తకంలో ఏటవాలుగా దిగే నస్తాలీఖ్ ఇమడదు. చుక్కలు రెండు లిపులకూ చోటిస్తాయి. అరబీ లిపిలో చుక్కకు పాత గౌరవమే ఉంది. 940లో మరణించిన బాగ్దాద్ లేఖకుడు ఇబ్న్ ముఖ్లా కలపు మొన వేసే చుక్కనే కొలబద్దగా తీసుకుని అక్షరాల పొడవు వెడల్పులు నిర్ణయించారు. అయితే ఒక జాగ్రత్త: ‘బే’కు కింద ఒక చుక్క, ‘తే’కు పైన రెండు, ‘సే’కు మూడు. పుస్తకంలోని చుక్కలు నల్లగా ఉంటే ఏది అక్షరానిదో, ఏది కాగితానిదో తెలియదు. లేత బూడిద రంగు చుక్కలనే ఎంచుకోండి. ముప్ఫై వరుసలు, ఐదు నిలువు గడులు గీసుకుంటే నెల నమాజుల పట్టిక సిద్ధమవుతుంది. పత్తి తీతలు, కూలీల హాజరు కూడా అట్లాగే.

వెల భారమనిపిస్తే మరొక మార్గముంది. 100 జి.ఎస్.ఎం. కాగితం కొని, చుక్కలు అచ్చువేయించి, గుంటూరులోనో ఒంగోలులోనో బైండింగు చేసేవారి చేత దారంతో కుట్టించుకోవచ్చు.

అమ్మాయి లోపలికి వెళ్లినప్పుడు తల్లి గొంతు తగ్గించి అసలు మాట అడిగింది. “డబ్బు సంగతి అటుంచండి హజ్రత్. అందులో ఏం రాసుకుంటుందో? అది లేనప్పుడు తీసి చూడవచ్చునా?”

ఆమె భయం మాకు అర్థమైంది. తండ్రి లేని పిల్ల. కాని సూరా హుజురాత్ 12వ ఆయత్ గూఢచర్యాన్ని నిషేధించింది. కన్నబిడ్డ మనసు అందుకు మినహాయింపు అనుకోవడానికి వీల్లేదు. “అమ్మా, దొంగతనంగా చదివిన ఒక్క పుట ఆమె మీతో చెప్పబోయే వంద మాటలను ఆపేస్తుంది. తెలుసుకోవాలనుకుంటే పక్కన కూర్చుని అడగండి” అన్నాము. అమ్మాయికి వేరుగా మూడు మాటలు చెప్పాము. అల్లాహ్ కప్పిపుచ్చిన పాపాన్ని కాగితంపై వివరించి రాయవద్దు. “తౌబా చేసుకున్నాను” అన్న ఒక్క మాట చాలు. పరుల లోపాలు రాయవద్దు. కలంతో చేసినా పరోక్షనింద పరోక్షనిందే. నమాజుల పట్టికకు రంగులు దిద్ది ఫోన్‌లో నలుగురికీ చూపవద్దు. అక్కడి నుంచి రియాకు ఒక్క అడుగే దూరం.

పుస్తకాన్ని రెండు భాగాలు చేయమని కూడా సూచించాము. ముందు నుంచి ఇంటి లెక్క: ఎవరికి ఇవ్వాలి, ఎవరి నుంచి రావాలి, ఎవరి అమానతు మన దగ్గర ఉంది, తేదీతో, సంతకంతో. అది ఇంటిల్లిపాదీ చూడవలసినది. వెనుక నుంచి ఆమె సొంత మాటలు. అవి ఆమెకూ, ఆమె ప్రభువుకూ మధ్య.

పోయిన వారం ఆ అమ్మాయి పుస్తకం తెచ్చి మొదటి పుట చూపింది. కుట్టించుకున్నదే. మొదటి పంక్తిలో బాబాయి పేరు ఉంది. దాని ఎదుట పదిహేను వేలు, అంకెల్లోనూ అక్షరాల్లోనూ. “ఉద్యోగం రాగానే ఇచ్చేస్తాను హజ్రత్. బాకీ కాకపోతే అబ్బా పేరున కానుక అనుకుంటారు” అన్నది. పక్కన తల్లి సాక్షి సంతకం చేసి ఉంది.

పాఠకులారా, ఈ రాత్రి ఇషా తర్వాత మీ ఇంట్లో అప్పుల లెక్క ఎక్కడుందో ఒకసారి వెదకండి. అది మీ జ్ఞాపకంలోనే ఉంటే, రేపే ఒక మంచి కాగితం మీదికి తీసుకురండి. మన బాకీలు మన బిడ్డలకు చిక్కుముడి కాకుండా తీర్చే శక్తిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.