సినిమా వింటూ పడుకునేవాళ్లకి స్క్రీన్ ఎందుకు?

వనపర్తిలో మా ఇంట్లో రోజూ రాత్రి తొమ్మిదిన్నరకి మాయాబజార్ మొదలవుతుంది. చూసేవాళ్లు ఎవరూ ఉండరు. అవ్వ ఫోన్‌ని దిండు పక్కన బోర్లా పెట్టి కళ్లు మూసుకుంటుంది, ఘటోత్కచుడు వచ్చేలోపే నిద్రపోతుంది. నేను మెల్లగా ఆపితే మాత్రం వెంటనే లేస్తుంది. "బంద్ చెయ్యకురా, సప్పుడు ఉంటేనే నాకు నిద్ర పడ్తది."

నవ్వుకునేవాడిని. హైదరాబాద్‌లో పీజీ రూమ్‌కి వచ్చాక నాకూ అదే అలవాటైంది. నాది గుండమ్మ కథ. కొత్త సినిమాలు దీనికి పనికిరావు, పది నిమిషాలకోసారి బీజీఎం వచ్చి గుండెల మీద గుద్దుతుంది. పాత సినిమాల్లో మాటలే ఎక్కువ, తర్వాత ఏం జరుగుతుందో కూడా ముందే తెలుసు.

సమస్య సినిమాతో కాదు, స్క్రీన్‌తో. మూడు గంటల సినిమాకి మూడు గంటలూ డిస్‌ప్లే వెలుగుతూనే ఉండాలి. యూట్యూబ్‌లో స్క్రీన్ ఆపి వినాలంటే ప్రీమియం కావాలి. ఇండియాలో దాని ధర 2024 ఆగస్టులో నెలకి 129 నుంచి 149 రూపాయలైంది. యాడ్స్ మీదే ఫ్రీ సినిమాలు నడుస్తాయి, ఒప్పుకుంటా. కానీ ఆడియో యాడ్స్ 2020లోనే వచ్చాయి కదా, అవే వేసుకోవచ్చు.

అసలు సినిమాని వినడం మనకి కొత్తా? ఆకాశవాణిలో సంక్షిప్త శబ్దచిత్రం అని వచ్చేది. సినిమా మొత్తాన్ని కుదించి సౌండ్ మాత్రమే వినిపించేవాళ్లు. అవ్వ వయసు వాళ్లకి అదే అలవాటు. షావోమీ ఎంఐయూఐలో కూడా వీడియో టూల్‌బాక్స్‌లో స్క్రీన్ ఆపి సౌండ్ వినే ఆప్షన్ ఇచ్చింది. అంటే చెయ్యలేని పనేం కాదు.

ఒకరాత్రి ఛార్జింగ్ పెట్టిన ఫోన్ అవ్వ దిండు కింద దొరికింది. చేత్తో పట్టుకోలేనంత వేడి. తప్పు నాదే, పొడుగు కేబుల్ కొనిచ్చింది నేనే. ఇప్పుడు ఛార్జర్ హాల్లో ఉంది, ఫోన్ మంచం పక్కన స్టూల్ మీద ఉంటుంది.

రివ్యూలు రాసే మనం కూడా దీన్ని పట్టించుకోం. బ్యాటరీ టెస్ట్ చేస్తాం, మ్యాక్స్ బ్రైట్‌నెస్ ఎన్ని నిట్స్ అని కొలుస్తాం. మరి మినిమమ్ ఎంత? వాల్యూమ్ ఒక్క పాయింట్ దగ్గర పెడితే చీకటి గదిలో ఎంత వినిపిస్తుంది? కొన్ని ఫోన్లలో ఆ ఒక్క పాయింటే పక్కవాళ్లని లేపేస్తుంది. అమ్మానాన్నలకి ఫోన్ కొనేవాళ్లు షాపులో ఇది చెక్ చెయ్యండి.

ఉన్నవాటిలో పనికొచ్చేవి: యూట్యూబ్‌లో స్లీప్ టైమర్ 2024 అక్టోబర్ నుంచి అందరికీ ఫ్రీ, వీడియో మీద గేర్ ఐకాన్ నొక్కితే కనిపిస్తుంది. ఆండ్రాయిడ్ 12 నుంచి వచ్చిన ఎక్స్‌ట్రా డిమ్ ఆన్ చేస్తే వెలుగు బాగా తగ్గుతుంది. ఐఫోన్‌లో అయితే క్లాక్ టైమర్ అయిపోగానే ప్లే అవుతున్నది ఆగేలా 'స్టాప్ ప్లేయింగ్' పెట్టుకోవచ్చు.

అవ్వ ఫోన్‌కి 45 నిమిషాల టైమర్ పెట్టా. మొదటిరోజు అర్ధరాత్రి లేచి అడిగింది: "సినిమా అప్పుడే అయిపోయిందా?" ఇప్పుడు గంట చేశా.