విమానాశ్రయాల ర్యాంకులు నగరాల పరువు లెక్కలు కావు

సంపాదకులకు,

ఏటా ఆర్థిక సంవత్సరం ముగియగానే ఏ విమానాశ్రయం నుంచి ఎంతమంది రాకపోకలు సాగించారో లెక్కలు వెలువడతాయి. వాటి వెనకే ఏ నగరం ఏ నగరాన్ని దాటేసిందన్న శీర్షికలూ వస్తాయి. 2018-19లో చెన్నై సుమారు 2.25 కోట్లు, కోల్‌కతా 2.19 కోట్లు, హైదరాబాద్ 2.14 కోట్లు. మూడింటికీ పెద్ద తేడా లేదు. 2024-25 నాటికి హైదరాబాద్ 2.9 కోట్లకు చేరింది, మిగతా రెండూ 2.2 కోట్ల దగ్గరే ఉండిపోయాయి. ఇది చూసి హైదరాబాద్ ఎదిగింది, చెన్నై చతికిలబడింది అని తేల్చేయడం తొందరపాటు. ఎంతమంది విమానం ఎక్కాలనుకున్నారో ఈ సంఖ్య చెప్పదు. ఎక్కించుకునే చోటు ఆ ఊళ్లో ఎంతుందో చెబుతుంది.

ముంబయినే తీసుకోండి. దేశ ఆర్థిక రాజధానిలో ప్రయాణికులకు కొరతా? అయినా అదే ఆరేళ్లలో అక్కడి రద్దీ 4.88 కోట్ల నుంచి 5.5 కోట్లకే పెరిగింది. హైదరాబాద్ పెరుగుదల శాతంలో అది సగం కూడా లేదు. అక్కడి రెండు రన్‌వేలు ఒకదాన్నొకటి అడ్డంగా కోసుకుంటాయి కాబట్టి ఒకేసారి రెండింటినీ వాడలేరు. చుట్టూ ఇళ్లు, బస్తీలు. 2024లో రద్దీ వేళల్లో గంటకు 46 విమానాలను 44కు తగ్గించమని కేంద్రమే చెప్పాల్సివచ్చింది. చెన్నై మీనంబాక్కంలోనూ రన్‌వేలు అడ్డంగానే ఉన్నాయి. రెండో రన్‌వేను పొడిగించాలంటే అడయార్ నది మీద వంతెన కట్టాల్సివచ్చింది, 2015 డిసెంబరు వరదల్లో ఆ నీళ్లే విమానాశ్రయాన్ని కొన్ని రోజులు మూయించాయి. పరందూరులో కొత్తది కడతామని 2022లో ప్రకటించారు, భూములిచ్చేది లేదని అక్కడి రైతులు భీష్మించారు. ఇక మన హైదరాబాద్? 2008 మార్చిలో బేగంపేట వదిలి శంషాబాద్ వెళ్లాం. అంత దూరమా అని అప్పట్లో విసుక్కోని వాళ్లు లేరు. ఆ దూరాన సేకరించిన సుమారు 5,500 ఎకరాలే ఇవాళ్టి పెరుగుదలను మోస్తున్నాయి.

ఐటీ, ఔషధ పరిశ్రమ లేకుండా ఊరికే స్థలముంటే జనం వస్తారా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కోల్‌కతాకు సమాంతర రన్‌వేలున్నా లెక్క కదలలేదు, కాబట్టి గిరాకీ కూడా ఉండాల్సిందే. కానీ గిరాకీ ఉన్నచోట చోటు లేకపోతే ఏమవుతుందో ముంబయి చూపిస్తోంది. పైగా ఈ లెక్కల్లో కనిపించేవి మనుషుల తలలు కావు. దిగిన వాళ్లనూ ఎక్కిన వాళ్లనూ కలిపి లెక్కిస్తారు. రాజమహేంద్రవరం నుంచి వచ్చి శంషాబాద్‌లో విమానం మారి దుబాయ్ వెళ్లే మనిషి ఒక్కడే అయినా అక్కడ రెండుసార్లు లెక్కలోకి వస్తాడు. అంటే హైదరాబాద్ సంఖ్యలో కోస్తా జిల్లాల వాటా కూడా ఉంది, దాన్ని నగరం ఒక్కదాని గొప్పగా చెప్పుకుంటున్నాం. చోటు ఉన్నచోటే విమాన సంస్థలు రాత్రిళ్లు విమానాలు నిలుపుకొంటాయి, తెల్లవారుజామున అక్కణ్నుంచే బయల్దేరదీస్తాయి. ఆ సర్వీసుల కోసం చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు అక్కడికే వస్తారు.

ఇదంతా పత్రికల శీర్షికల గొడవే అయితే ఉత్తరం రాసేవాణ్ని కాదు. ర్యాంకు చూసి మురిసిపోయే ప్రభుత్వం ముందుచూపుతో భూమి సిద్ధం చేయదు, ర్యాంకు చూసి ఈ ఊరికి గిరాకీ లేదనుకునే ప్రభుత్వం అసలే చేయదు. విశాఖ సంగతి చూడండి. అక్కడ పౌర విమానాలు దిగేది నౌకాదళం వారి ఐఎన్‌ఎస్ డేగా రన్‌వే మీదే. నౌకాదళం అవసరాలు తీరాక మిగిలిన వేళలే వాటికి దక్కుతాయి. అందుకే ఏడాదికి 30 లక్షల లోపే ఆగిపోతోంది. ఉత్తరాంధ్ర వాళ్లకు ప్రయాణాలు లేక కాదు. విశాఖ దగ్గరి భోగాపురం విమానాశ్రయం పూర్తిగా నడవడం మొదలయ్యాక ఈ అంకె గబుక్కున ఎగబాకితే, విశాఖ రాత్రికి రాత్రే సంపన్నమైందని మీ పత్రిక రాయకూడదని నా విన్నపం. ప్రయాణికుల సంఖ్య వేసిన ప్రతిసారీ దాని పక్కనే రద్దీ వేళల్లో ఆ రన్‌వే గంటకు ఎన్ని విమానాలను భరించగలదో, ఎన్నింటిని నడుపుతున్నారో కూడా వేయండి. శంషాబాద్‌కైనా ఆ రెండు అంకెలూ ఎప్పుడు దగ్గరపడతాయో పాఠకులకు ముందే తెలియాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు, విజయవాడ