నాన్నా, స్తూపం ఏదీ?

బెంజ్ సర్కిల్ నుంచి అమరావతికి మహా అయితే నలభై కిలోమీటర్లు. ఆ దూరం వెళ్ళడానికి నాకు ముప్ఫై అయిదేళ్ళు పట్టింది. నవ్వకండి. అయిదో తరగతి సాంఘికశాస్త్రం పుస్తకంలో అగ్గిపెట్టంత బొమ్మ చూసిన రోజు నుంచీ ఆ స్తూపం నా కళ్ళలోనే ఉంది. అమరేశ్వరుడి గుడికి చిన్నప్పుడు మూడుసార్లు వెళ్ళాం. "స్తూపం కూడా చూద్దాం నాన్నా" అంటే "బస్సు టైమైంది, ఈసారి చూద్దాంలే" అనేవారు. తర్వాత ఇంజినీరింగు, హైదరాబాదు, ఆన్‌సైటు... మనందరి కథే.

విచిత్రం ఏంటంటే, నేను దాన్ని ముందు చూసింది లండన్‌లో. బ్రిటిష్ మ్యూజియంలో అద్దం వెనక ఒక రాతి పలక. దాని మీద చెక్కింది ఆ స్తూపం రూపమే! గుమ్మటం, ద్వారం దగ్గర సింహాలు, దండం పెడుతున్న జనం. చాలాసేపు అక్కడే నిలబడిపోయాను.

మొన్న సంక్రాంతికి మా ఆవిడనీ అమ్మాయినీ తీసుకుని బ్యారేజీ దాటి, ఉండవల్లి మీదుగా కరకట్ట పట్టుకుని అమరావతి వెళ్ళాను. టిక్కెట్టు కొని లోపలికి వెళ్తే గడ్డి మొలిచిన గుండ్రటి దిబ్బ, చుట్టూ పొట్టి ఇటుక గోడ, అక్కడక్కడా నిలబెట్టిన పలకలు. మా అమ్మాయి అటూ ఇటూ చూసి అడిగింది, "నాన్నా, స్తూపం ఏదీ?" అని. దాని ముందే నిలబడి అడిగింది.

ఈ సంగతి ఆఫీసులో చెప్తే రెండే జవాబులు వచ్చాయి. ఒకటి, "తెల్లోడు దోచుకుపోయాడు". రెండోది, "పోనీలే, వాడు పట్టుకుపోబట్టి మిగిలాయి, ఇక్కడుంటే సున్నం కొట్టేసేవాళ్ళం". రెండూ హాయైన జవాబులే. మొదటిది నమ్మినా రెండోది నమ్మినా మనం చెయ్యాల్సిందేమీ ఉండదు కదా!

మొదటి దాని సంగతి చూద్దాం. 1797లో కర్నల్ మెకంజీ వచ్చేటప్పటికే, జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కడుతున్న కొత్త ఊరి కోసం ఈ దీపాలదిన్నెని తవ్వేస్తున్నారు. 1816లో ఆయన మళ్ళీ వస్తే దిబ్బ నడుమ చెరువు గొయ్యి ఉంది. లండన్ వాళ్ళు పాలరాయి అని పిలిచినా అది పలనాటి సున్నపురాయి. కాలిస్తే సున్నమే. ఎన్ని శిల్పాలు బట్టీ పాలయ్యాయో లెక్కే లేదు. కొన్ని 1830ల్లో బందరు చేరి బజారుకి అలంకారమయ్యాయి. కాబట్టి దొంగ ఒక్కడే కాదండీ.

ఇక రెండోది. వాడు కాపాడాడా? వాల్టర్ ఇలియట్ 1845లో తవ్వించిన రాళ్ళు మద్రాసులో ఏళ్ళ తరబడి ఎండకీ వానకీ పడున్నాయి. 1859లో ఓడెక్కించారు. లండన్ చేరాక బగ్గీల కొట్టంలో మూలపడితే 1867లో ఫెర్గూసన్ కంట పడ్డాయి. బ్రిటిష్ మ్యూజియం మెట్లెక్కింది 1880లో. ఇదీ వాళ్ళ కాపాడటం! 1880ల్లో కోల్ అనే ఇంగ్లీషు అధికారే శిల్పాల్ని ఎక్కడివక్కడ ఉంచమని మొత్తుకున్నాడు. వినలేదు, మరికొన్ని మద్రాసుకి తరలించారు.

సాంచీని కూడా 1822లో తవ్వి పాడుచేశారు. కానీ 1912 నుంచి మార్షల్ అక్కడికక్కడే బాగుచేయించాడు, నిలబడింది. అంత దూరం ఎందుకు, నాగార్జునకొండ మనదేగా? డ్యామ్ నీళ్ళు ముంచేలోపు 1954-60 మధ్య తవ్వి, కట్టడాల్ని కొండ మీదికి తెచ్చి మళ్ళీ కట్టింది మనవాళ్ళే. "మనవల్ల కాదు" అనేది అబద్ధం.

అసలు నాకు మండేది ఇక్కడ. లండన్ మీద అరవడం తేలిక. ఎగ్మూరు మ్యూజియం మాటేంటి? అక్కడికి వీసా కూడా అక్కర్లేదు! 1953లో మద్రాసు నుంచి విడిపోయాం, రాళ్ళు అక్కడే ఉన్నాయి. 2009కి ముందు అమెరికా వీసా స్టాంపింగుకి మద్రాసు వెళ్ళని సాఫ్ట్‌వేరువాళ్ళు మనలో ఎంతమంది? ఎగ్మూరు అక్కణ్ణుంచి ఆటో దూరం. నేను మూడుసార్లు స్టాంపింగుకి వెళ్ళాను, మ్యూజియానికి ఒక్కసారీ వెళ్ళలేదు. ఈ తిట్లలో నా వాటా నాకుంది.

2015లో రాజధానికి ఆ పేరు పెట్టుకున్నాం. పేరు కావాలి, ఊరు అక్కర్లేదా? రాళ్ళన్నీ రేపే తెమ్మని నేననను. తెస్తే విరిగేవీ ఉంటాయి. కానీ లండన్, మద్రాసు పలకల్ని స్కాన్ చేసి, అదే పలనాటి రాయిలో, అదే కొలతల్లో చెక్కించి, ఆ దిబ్బ పక్కన అసలు ఎత్తులో ఒక్క భాగమైనా నిలబెట్టలేమా? కింద తెలుగులో ఏది ఎక్కడుందో, ఎవరు పట్టుకెళ్ళారో, ఎవరు కాల్చారో రాయలేమా? స్కానింగూ త్రీడీ మోడలింగూ మనం ఊళ్ళవాళ్ళందరికీ చేసిపెట్టే పనే. మన ఊరి దగ్గరికొచ్చేసరికి బడ్జెట్ లేదంటామా? ముందు ఆ పని చేసి, ఎగ్మూరుని అడిగి, ఆ తర్వాత లండన్ గుమ్మం ముందు నిలబడితే మన మాటకి బరువుంటుంది.

పక్కనున్న మ్యూజియం ఆవరణలో స్తూపం చిన్న నమూనా ఒకటుంది. అది చూశాకే మా అమ్మాయికి అర్థమైంది. "ఇంత బాగుండేదా! మరి ఎందుకు పోనిచ్చారు?" అంది.

ఎవరు ఎత్తుకెళ్ళారని అడగలేదు చూడండి.