సద్దు పైవారిది, సర్దుబాటు మాది

నిన్న రాత్రి పదకొండు గంటల నలభై నిమిషాలకు మా నెత్తిమీద ఒక కుర్చీ జరిగింది. 'జరిగింది' అనడం కేవలం నా మర్యాద. నిజానికి దాన్ని ఎవరో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా గరగరా ఈడ్చారు. ఈడ్చినవారు కూర్చున్నారు. కాసేపటికి లేచారు, మళ్ళీ ఈడ్చారు. పక్కన మా ఆవిడ లేచి కూర్చుంది. ఆర్నెల్ల కిందట ఆమె మోకాలికి శస్త్రచికిత్స జరిగింది. నడుమ నిద్ర చెడితే నొప్పి తెలిసివస్తుంది, నొప్పి తెలిసివస్తే ఇక నిద్ర రాదు. "దీపం వెయ్యకండి, అదీ పోతుంది" అంది. ఆ 'అదీ' అన్న మాటలో మిగిలిన ఆశ ఎంతో నాకు తెలుసు.

మేముండేది మల్కాజిగిరిలో, అయిదంతస్తుల అపార్ట్‌మెంటులో, మూడో అంతస్తున, అద్దెకు. నేను ముప్పయ్యారేళ్ళు బడిలో తెలుగు చెప్పినవాణ్ణి. యాభైమంది పిల్లల గోల నడుమ ఉత్పలమాలకు గణవిభజన చేయించినవాణ్ణి. చప్పుడంటే నాకు పుట్టుకతో వచ్చిన వైరమేమీ లేదు. ఈ మాట ముందుగా ఎందుకు చెప్పవలసివస్తోందంటే, ఈ సంగతి ఎత్తగానే ఎదుటివారు మొదట శంకించేది చప్పుడును కాదు, చెప్పినవాణ్ణి.

నిద్రపట్టని రాత్రులలో పండితులు చేసే పనే నేనూ చేశాను. మన భాషలో చప్పుడుకున్న పేర్లన్నీ లెక్కపెట్టుకున్నాను. సద్దు, సవ్వడి, అలికిడి, మోత, రొద, హోరు, గోల, రచ్చ, సందడి. ఒక్కొక్కదానికి ఒక్కొక్క స్వభావం. అలికిడి ఆత్మీయమైనది, మనవాళ్ళు వస్తున్నారని చెబుతుంది. సందడి శుభకరమైనది. గోలలో కూడా కొంత చనువుంది. చప్పుడు లేకపోవడానికి మాత్రం వెంటనే నోట మెదిలిన మాటలు నిశ్శబ్దం, మౌనం. రెండూ సంస్కృతం నుంచి తెచ్చుకున్నవే. 'సద్దు' కూడా శబ్దానికి తద్భవమే అనుకోండి. 'సద్దుమణగడం' అన్న మాట మనకుంది గాని, అది జరగాలంటే ముందు సద్దుండాలి, పిదప అది మణగాలి. మా ఇంట్లో మొదటిది సమృద్ధిగా ఉంది. ఒక మాటను రెండుసార్లు పలికితే అందులో రెండోదాన్ని ఆమ్రేడితమంటామని పిల్లలకు చెప్పేవాణ్ణి. మా పై అంతస్తులో ఆమ్రేడితానికి మూడోదీ, నాలుగోదీ, నలభయ్యోదీ కూడా ఉన్నాయి.

పైన ఉన్నవారు దుర్మార్గులు కారు. ఈ మాట మనస్ఫూర్తిగా అంటున్నాను. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులు. అతనిది అమెరికా వేళల పని. నా పొద్దు గూకినప్పుడు అతని పొద్దు పొడుస్తుంది. చెవిలో ఫోను పెట్టుకుని ఒంటిగంట దాకా గదిలో ఈ కొస నుంచి ఆ కొసకు నడుస్తూ మాట్లాడతాడు. అతని తల్లి తెల్లవారుజామున లేచి వెట్ గ్రైండరును నేలమీద పెట్టి పిండి రుబ్బుతుంది. ఏడేళ్ళ పిల్లవాడున్నాడు. వాడు పగలు పరుగెత్తడాన్ని నేను ఈ ఫిర్యాదులో చేర్చడం లేదు. పిల్లలు పరుగెత్తని ఇంటిమీద నాకు జాలి.

మొదటిసారి మెట్లెక్కి వెళ్ళి చెప్పినప్పుడు ఆ అబ్బాయి ఎంతో వినయంగా లోపలికి పిలిచి, కాఫీ ఇప్పించి, "సారీ అంకుల్, చూసుకుంటాం" అన్నాడు. నాలుగు రోజులు చూసుకున్నారు. రెండోసారి గుమ్మంలోనే నిలబడి, "అంకుల్, ఇంట్లో మనుషులం నడవకుండా ఎలా ఉంటాం? మీరే కొంచెం సర్దుకుపోవాలి" అన్నాడు. సంఘం సెక్రటరీ గారి దగ్గరికి వెళితే, "అపార్ట్‌మెంటు అన్నాక ఇవి తప్పవు మాష్టారూ, సర్దుకుపోండి" అన్నారు. మా ఇంటి యజమానికి ఫోను చేశాను. ఆయన ఇంకొక మెట్టు పైకెక్కి, "సర్దుకోలేనంటే చెప్పండి, నెల ముందు తెలియపరిస్తే చాలు" అన్నారు. ఇక కింద వాచ్‌మన్ ఆకాశం వంక చేయి చూపి, "పైవాడున్నాడు సార్, ఆయనే చూసుకుంటాడు" అన్నాడు. అతని ఉద్దేశంలో పైవాడు భగవంతుడు. నాకు మాత్రం నాలుగో అంతస్తే తోచింది.

నలుగురిలో ముగ్గురి నోట వచ్చిన ఆ ఒక్క మాటమీదనే నా తగాదా. సర్దుకుపోవడం మన సంసారాలను నిలబెట్టిన గొప్ప గుణమని ఉపన్యాసాలలో చెప్పుకుంటాం. సరే. కాని సర్దడమనే క్రియను కాస్త పట్టి చూడండి. ఎవరి సామాను వారు సర్దుకుంటారు. నా పుస్తకాలు నేను సర్దుకోగలను, మీ కుర్చీని నేను సర్దలేను. మీ కుర్చీ కాళ్ళకు రబ్బరు తొడుగులు తొడగగల చేతులు మీవి. గ్రైండరు కింద మడతపెట్టిన బొంతో, రబ్బరు చాపో వేయగలిగేది మీరు. మడమల చెప్పులు గుమ్మం దగ్గర విడవగలిగేది మీరు. దిద్దుబాటు చేయగల శక్తి సమస్తం పైన ఉండగా, సర్దుకోవలసిన ధర్మం సమస్తం కిందికి ఎలా దిగివచ్చింది? కిందివాడు సర్దుకోవడానికి ఏముంది, తన చెవులు తప్ప?

"నగరమంటే చప్పుడే కదా" అని మరొక వాదం. ఆటో మోత, గుడి మైకు, పెళ్ళి ఊరేగింపు వీటన్నిటినీ కిటికీ మూసి తగ్గించుకోవచ్చు. నడినెత్తిన పడేదానికి కిటికీ ఏది? ఇందులో మరొక కిటుకుంది, ఇంజనీర్లకు బాగా తెలిసిందే. కాంక్రీటు స్లాబు గాలిలో వచ్చే మాటను చాలావరకు ఆపుతుంది. అందుకే పై ఇంటివారు ఏం మాట్లాడుకుంటున్నారో మనకు వినబడదు. కాని స్లాబునే నేరుగా కొట్టినప్పుడు, ఈడ్చినప్పుడు, ఆ దెబ్బను అదే స్లాబు మోసుకుని గోడల్లోకి కూడా దించుతుంది. పైన గట్టి పలకరాళ్ళు, కింద అయిదారంగుళాల స్లాబు, నడుమ మెత్తనిదేమీ లేదు. పైవారికి చిన్న టక్కుమన్న చప్పుడు. అదే మాకు డోలు. కాబట్టి "మేమేమీ చప్పుడు చెయ్యడం లేదు" అని వారంటే అది అబద్ధం కాదు. వారికి వినబడదు. తన చప్పుడు తనకు వినబడనివాడే న్యాయమూర్తిగా కూర్చోవడం మాత్రం అన్యాయం.

"వయసు మీదపడింది కదా, మీకు చెవులు సున్నితమై ఉంటాయి" అని మా సెక్రటరీ గారు వైద్యం కూడా చెప్పారు. సంగతి తలకిందులు. ముసలితనంలో ముందుగా పోయేది సన్నని స్వరాల వినికిడి. నాకు సెల్‌ఫోను సన్నగా మోగితే వినబడదు, మనవరాలి మాటల్లో సగం జారిపోతాయి. దడదడలు మాత్రం కడదాకా అంటిపెట్టుకుని ఉంటాయి. కావాలనుకున్నవి పోయి అక్కరలేనివి మిగలడమే వార్ధక్యం కాబోలు.

చట్టం లేదా అంటే ఉంది. 2000లో కేంద్రప్రభుత్వం చేసిన శబ్దకాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాలలో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్ళు మించరాదు. రాత్రి అంటే పది గంటల నుంచి ఉదయం ఆరు దాకా. ప్రశాంతంగా జీవించడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవనహక్కులో భాగమనీ, మాట్లాడే స్వేచ్ఛ ఉన్నంతమాత్రాన యంత్రాలతో గొంతు పెంచి ఇతరుల చెవుల్లో దూరే హక్కు రాదనీ సుప్రీంకోర్టు 2005 జూలై 18న తీర్పు చెప్పింది. చదివి పొంగిపోయాను. తర్వాత మిగిలిన నియమాలు చదివాను. పరిమితిని 10 డెసిబెళ్ళు మించితే ఫిర్యాదు చేయవచ్చునట. డెసిబెళ్ళది కూడికల లెక్క కాదు, పది పెరిగితే శబ్దశక్తి పదిరెట్లవుతుంది. పైగా ఆ పరిమితులు కొంత కాలవ్యవధి మీద కట్టిన సగటులు. అర్ధరాత్రి ఒక్కసారి ధన్‌మని ఆగిపోయిన దెబ్బ ఏ సగటుకు చిక్కుతుంది? మైకులనూ హారన్లనూ టపాకాయలనూ మనసులో పెట్టుకుని రాసిన చట్టమది. కుర్చీ కాలు దాని కంటికి ఆనదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లోనే పడకగదిలో 30 డెసిబెళ్ళు మించితే నిద్రకు చేటని, ఒక్కొక్క చప్పుడు 45 దాటరాదని వేరుగా చెప్పింది. ఆ 'ఒక్కొక్క' అన్నదే మాకు కావలసింది.

న్యూయార్కులో ఉన్న మా మేనల్లుడికి ఈ గోడు చెప్పుకుంటే నవ్వి, అక్కడ చాలా అద్దె ఒప్పందాలలో గచ్చులో 80 శాతం తివాచీలతో కప్పాలన్న షరతు ఉంటుందన్నాడు. అది ప్రభుత్వ శాసనం కాదు, ఇల్లిచ్చేవాడికీ పుచ్చుకునేవాడికీ మధ్య ఒప్పందం మాత్రమే. మన ఒప్పందాలలో మేకు కొట్టరాదని ఉంటుంది, మాంసం వండరాదని కూడా కొందరు రాయిస్తారు. పై అంతస్తువాడు కుర్చీ ఈడ్వరాదని రాసిన కాగితం నేనింతవరకు చూడలేదు. గోడకు పడే చిల్లు మీద ఉన్న శ్రద్ధ చెవికి పడే చిల్లు మీద లేదు.

అన్నిటికంటే నన్ను బాధించేది అద్దెవాడి అనామకత్వం. నెలనెలా మెయింటెనెన్సు కడతాను. లిఫ్టు చెడితే నా వంతు డబ్బూ పోతుంది. కాని సంఘం సమావేశంలో నాకు నోరు లేదు. ఉమ్మడి రాష్ట్రంలో 1987లో వచ్చిన అపార్ట్‌మెంట్ల చట్టం ఆ సంఘాన్ని యజమానుల సంఘంగానే ఊహించింది. నాలుగో అంతస్తువారు సొంతదారులు. నేను పదకొండు నెలల కాగితం మీద ఉన్నవాణ్ణి. సెక్రటరీ గారి తూనికలో ఎటు మొగ్గుతుందో వేరే చెప్పాలా? ఈ వయసులో, మోకాలు సరిగా వంగని మనిషిని వెంటబెట్టుకుని, లిఫ్టున్న మరో ఇల్లు, అదీ వృద్ధులకు ఇవ్వడానికి జంకని యజమాని ఉన్న ఇల్లు వెతకడమంటే ఏమిటో, "నెల ముందు చెప్పండి చాలు" అన్న పెద్దమనిషికి తెలియదనుకోను.

ఇంతవరకు రాసి ఆగిపోయాను. నా వాదం నాకే మరీ నున్నగా కనిపించింది. చెప్పక తప్పని సంగతి ఒకటుంది.

1986లో తెనాలిలో ఒక మేడమీది గదిలో అద్దెకుండేవాణ్ణి. తెల్లవారి అయిదింటికి పదో తరగతి పిల్లలు ఇరవైమంది ట్యూషనుకు వచ్చేవారు. చెక్కమెట్లమీద దబదబా ఎక్కేవారు, ఛందస్సు గొంతెత్తి వల్లించేవారు, లయకు కాలితో తాళం కూడా వేయించేవాణ్ణి. కింద ఇంటావిడ ఒంటరి ముసలమ్మ. మూడేళ్ళలో ఆమె నాతో ఈ విషయమై అన్నది ఒకే ఒక్క మాట: "మాష్టారూ, పిల్లల్ని చెప్పులు కింద విడిచి రమ్మనండి నాయనా." చెప్పుల మట్టి గురించనుకున్నాను. నవ్వి సరేనన్నాను, నాలుగు రోజులు విడిపించాను కూడా. ఆవిడ మళ్ళీ అడగలేదు. అడగలేదు కాబట్టి ఆమెకు ఇబ్బంది లేదనుకున్నాను. సరస్వతి నాదం వినడం ఆవిడ అదృష్టమని కూడా ఒకరిద్దరితో అన్నట్టు గుర్తు. నిన్న రాత్రి పదకొండూ నలభైకి ఆవిడ అడిగింది మట్టి గురించి కాదని తెలిసింది. నాకు నలభై ఏళ్ళు పట్టింది. నాలుగో అంతస్తు అబ్బాయికి అంత వ్యవధి ఇచ్చే ఓపిక మాత్రం మా ఆవిడ మోకాలికి లేదు.

మొన్న మల్కాజిగిరి చౌరస్తా దగ్గర హార్డ్‌వేరు దుకాణంలో రబ్బరు తొడుగులు కొన్నాను. ఆరు కుర్చీలకు ఇరవై నాలుగు, బల్లకు నాలుగు, మొత్తం ఇరవై ఎనిమిది. ఖర్చు పెద్దదేమీ కాదు. ఇస్తానంటే ఆ అబ్బాయి ఇబ్బందిగా చూసి, "అయ్యో, మీరెందుకు అంకుల్, మేమే తెప్పించుకుంటాం" అన్నాడు. రెండు వారాలైంది. తొడుగులు మా బీరువా పైఅరలో ఉన్నాయి. వచ్చే ఆదివారం సంఘం సమావేశం ఉందట. అద్దెవారికి పిలుపు లేదు. ఆ సంచి పట్టుకుని వెళ్ళి ముందు వరుసలో కూర్చోదలచుకున్నాను. కుర్చీ ఈడ్వకుండా, ఎత్తి పెట్టుకుని.