ఎండాకాలం, మనవలు, నా కుట్టుపెట్టె

ఏప్రిల్ ఆఖరి వారంలో మా మనవడూ మనవరాలూ హైదరాబాదు నుంచి కోనసీమలోని మా ఇంటికి దిగారు. వాడికి పదకొండేళ్ళు, దానికి ఎనిమిది. ఇద్దరికీ కలిపి రెండు పెద్ద పెట్టెల నిండా బట్టలు. “ఇన్నెందుకే?” అంటే, “ఎండలు కదమ్మా, చెమట పడితే మార్చుకోవద్దూ!” అంది మా అమ్మాయి. ఉద్యోగం కదా, పిల్లల్ని దింపేసి మర్నాడే వెళ్ళిపోయింది. ఆ బట్టల్లో సగం జూన్ దాకా మడత విప్పనేలేదు. అది వేరే సంగతి.

సెలవులకి మనవలొస్తే తెల్లారుజామూ సాయంత్రమూ ఇబ్బంది లేదు. పొద్దున్న కాలవ గట్టు, సాయంత్రం డాబా. చిక్కంతా పదకొండు గంటల నుంచి నాలుగింటి దాకానే. బయటికి పంపుదామంటే వడగాడ్పు, లోపల ఉంచుదామంటే సెల్‌ఫోను కోసం కొట్లాట. రెండ్రోజులు ఓపిక పట్టి, మూడోరోజు నా కుట్టుపెట్టె తీసుకుని హాల్లో చాప వేసుకు కూర్చున్నాను. కుట్టుపెట్టె అంటే ఏం లేదు, ఎప్పటిదో బిస్కెట్ల రేకుడబ్బా. అందులో నాలుగు రంగుల దారపుండలు, సూదులు, హుక్కులు, పారేసే చొక్కాల నుంచి కత్తిరించి దాచిన గుండీలు. ఆ గుండీలు చూడగానే పిల్లలిద్దరూ ఫోను వదిలేసి వచ్చి పడ్డారంటే నమ్మండి. సైజుల వారీగా, రంగుల వారీగా వేరుచేసి, వాటితోనే అష్టాచెమ్మా ఆడారు.

నా కళ్ళకి ఇప్పుడు సూది బెజ్జం కనబడటం లేదు. అద్దాలు పెట్టుకున్నా దారం పక్కనించి పోతుంది. మనవరాలికి ఆ పని అప్పగించాను. రోజూ పొద్దున్న పది సూదులకి దారం ఎక్కించి, నేను పాతగుడ్డతో కుట్టిన దిండులో గుచ్చిపెట్టాలి. కూలి ఒక మామిడి తాండ్ర ముక్క. మూడోనాటికి కూలి పెంచమంది! మీ ఇంట్లో కూడా పెద్దవాళ్ళుంటే ఈ పద్ధతి పెట్టి చూడండి. మధ్యాహ్నం ఒక్క గుండీ ఊడినా, దారం ఎక్కించే వాళ్ళకోసం ఎదురుచూడక్కర్లేదు. తెల్లదీ నల్లదీ ఎక్కువ, మిగతా రంగులు ఒక్కోటి. మూర పొడుగు మించి దారం తియ్యనివ్వకండి, ముడులు పడిపోతుంది.

పాతగుడ్డల అవసరం అసలు ఎండాకాలంలోనే తెలుస్తుంది. ఆవకాయకి ముక్కలు తడి లేకుండా తుడవాలన్నా, జాడీకి వాసెన కట్టాలన్నా బాగా నలిగిన నూలుగుడ్డే కావాలి. పాలియెస్టరు తడి పీల్చదు. పొయ్యి దగ్గర మసిగుడ్డగా అసలు వద్దు, వేడికి కరిగి చేతికి అంటుకుంటుంది. అందుకని మా ఇంట్లో పంచె గానీ నేత చీర గానీ చిరిగిందంటే, దాన్ని అప్పుడే గుమ్మం తుడిచే గుడ్డల్లో పడెయ్యను.

సగ్గుబియ్యం వడియాలకి మావారి పాత పంచె ఒకటి విడిగా పెట్టుకున్నాను. గ్లాసుడు సగ్గుబియ్యం రాత్రి నానబెట్టి, పొద్దున్నే అయిదారు గ్లాసుల నీళ్ళు మరిగించి అందులో పోసి కలుపుతూ ఉడికించండి. గింజ అద్దంలా అయ్యాక పచ్చిమిరపకాయల ముద్దా జీలకర్రా ఉప్పూ వేసి దింపి, చల్లారాక నిమ్మరసం పిండాలి. ఉప్పు నాలిక్కి కాస్త తక్కువ అనిపించేటట్టే వెయ్యండి, ఎండితే ఎక్కుతుంది. డాబా మీద తడిపి పిండిన పంచె పరిచి, గరిటెడేసి పొయ్యడమే. రెండురోజులు ఎండాక గుడ్డ తిరగేసి వెనకవైపు నీళ్ళు చిలకరిస్తే వడియాలు విరక్కుండా ఊడొస్తాయి. తరవాత ఇంకో రోజు ఎండ. కాకుల కాపలా పిల్లలది. మావారి నల్ల గొడుగు తెరిచి పక్కన పెట్టమన్నాను. ఒక పూట భయపడ్డాయి. రెండోపూట ఆ గొడుగు మీదే కూర్చున్నాయి.

ఆ కాపలాలోనే మనవరాలి తెల్లగౌను మీద ముద్దపప్పూ ఆవకాయ అన్నం పడింది. నేను చూసేలోపే సబ్బు రాసేసింది. పసుపు మరక సబ్బు తగిలితే ఎర్రబడుతుంది కదా, రక్తం అనుకుని ఒకటే ఏడుపు. సబ్బు పోయేదాకా జాడించి, తడి మీదే ఎర్రటి ఎండలో ఆరేశాను. పసుపు రంగు ఎండకి నిలవదు. మొదటిరోజుకి లేతబడింది, మళ్ళీ తడిపి మర్నాడు కూడా వేస్తే జాడ లేదు. పసుపుకి బ్లీచింగ్ పొడుల కన్నా నాకు ఎండ మీదే నమ్మకం. రంగు గౌన్లకి మాత్రం ఈ పని చెయ్యకండి, అసలు రంగు కూడా వెలిసిపోతుంది.

మే నెల సగమయ్యాక ఒకరోజు బీరువా వెనకాల ఊడుస్తుంటే, ఉండ చుట్టిన నీలం టీ-షర్టు ఒకటి చీపురుకి తగిలింది. చంక కింద బెత్తెడు చిరుగు. జామచెట్టు మొండికొమ్మ పట్టుకుని ఉంటుంది. దెబ్బలకి భయపడి దాచాడు వెధవ అనుకుని కేకేశాను. వాడు వచ్చి, తల దించుకుని, “అమ్మకి చెప్పకు అమ్మమ్మా” అన్నాడు. “తిడుతుందనా?” అంటే, “కాదు, పారేస్తుంది. నాకిది ఇష్టం” అన్నాడు.

ఆ మాట నాకు గుచ్చుకుంది. మా అమ్మాయి ఇంట్లో చిరిగినది ఏదీ రెండోరోజు ఉండదు. గుండీ ఊడితే చొక్కా పనిమనిషికి, జిప్పు పోతే సంచీ చెత్తబుట్టకి. నాలుగుసార్లు చెప్పి చూశాను. “కొనుక్కోగలంలేమ్మా” అనేది. డబ్బు చేరాక వచ్చిన గర్వం అనుకుని నేనూ చెప్పడం మానేశాను.

సరే, టీ-షర్టు సంగతి. ఇలా సాగే బనీను గుడ్డకి మామూలు రఫ్ఫు పనికిరాదు. చొక్కాగుడ్డకయితే లోపలి మడతలోంచి పోగులు లాగి, నిలువు పోగులు వేసి, వాటిలోంచి అడ్డంగా ఒకటి పైకీ ఒకటి కిందకీ నేసుకుంటూ పోవచ్చు. బనీను గుడ్డ సాగితే ఆ నేత బిగుసుకుని పక్కన ఇంకో చిరుగు వేస్తుంది. దీనికి లోపలినించి అతుకు వెయ్యాలి, అదీ సాగే గుడ్డతోనే. మావారి పాత బనీను వేణ్ణీళ్ళలో ఉతికి ఆరేసి, చిరుగుకన్నా చుట్టూ అంగుళం ఎక్కువ ఉండేలా ముక్క కత్తిరించాను. మూలలు గుండ్రంగా కత్తిరిస్తే లేచి రావు. దాన్ని లోపల పరిచి నాలుగు టాకాలు వేసి, చిరుగు అంచులు దగ్గరికి చేర్చి పైనించి సన్నసూదితో చిన్న చిన్న ఏటవాలు కుట్లు వేసుకుంటూ రావాలి. దారం బిగించి లాగకూడదు. అసలు కిటుకంతా అక్కడే ఉంది.

నేను నీలం దారం వెతుకుతున్నాను. వాడు డబ్బాలోంచి ఎర్రది తీశాడు. “ఎర్రది కనబడుతుందిరా” అన్నాను. “కనబడాలి అమ్మమ్మా, నా మోకాలి కుట్లలాగ” అన్నాడు. పోయినేడు సైకిలు మీంచి పడితే నాలుగు కుట్లు పడ్డాయి, అవి అందరికీ చూపించుకు తిరుగుతాడు. యాభై ఏళ్ళుగా కుట్టు కనబడకుండా ఉండడమే పనితనం అనుకున్నదాన్ని నేను. కానీ చొక్కా వాడిది కదా. ఎర్రదారమే వేశాం. సగం నేను, సగం వాడు. వాడు కుట్టిన సగం జెర్రి పాకినట్టుంది. రెండ్రోజులు ఒంటిమీంచి తియ్యలేదు.

జూన్ మొదటి వారంలో మా అమ్మాయి పిల్లల్ని తీసుకెళ్ళడానికి వచ్చింది. వీడు సరిగ్గా ఆ చొక్కాయే వేసుకుని బస్టాండుకి బయల్దేరాడు. వద్దంటే వింటాడా! ఏమంటుందో, నేనేం జవాబు చెప్పాలో దారిపొడుగునా సిద్ధం చేసుకున్నాను. ఆ అమ్మాయి ఎర్రకుట్లు చూసింది, వాడి మొహం చూసింది, ఏమీ అనలేదు.

రాత్రి డాబా మీద పక్కలు వేస్తుంటే అడిగింది. “అమ్మా, నా నీలం పాప్లిన్ పరికిణీ గుర్తుందా?”

ఎందుకు గుర్తుండదు! 1991లో అది ఏడో తరగతి. ఎదిగే పిల్లలకని గుడ్డ ఎక్కువ తీసి, అంచు పైన మూడు టక్కులు వేసి కుట్టాను. అంగుళం మడత విప్పితే రెండంగుళాలు పొడుగొస్తుంది. ఏడాదికొకటి విప్పాను. ఇరుగుపొరుగు వాళ్ళకి కూడా ఆ ఉపాయం గొప్పగా చెప్పుకున్నాను. అయితే విప్పిన చోట ఎండ తగలని గుడ్డ ముదురు నీలంగా పట్టీలా కనబడుతుంది. మిగతాది వెలిసిపోయి ఉంటుంది. తొమ్మిదో తరగతికి వచ్చేసరికి మూడు పట్టీలు.

“ప్రార్థన లైన్లో వెనకపిల్ల నా పట్టీలు లెక్కపెట్టేది. ఒకటి, రెండు, మూడు. మూడేళ్ళ పరికిణీ అని పేరు పెట్టారు. పుస్తకాలు కిందకి పట్టుకుని నడిచేదాన్ని, కనబడకుండా.”

“నాకు చెప్పొచ్చు కదే!”

“చెబితే కొత్తది కొనేదానివా?”

కొనలేను. ఆ సంవత్సరం మా ఇంట్లో ఒక్క జీతం మీద ఐదుగురం. ఆ మాటే అన్నాను. అది “తెలుసు, అందుకే చెప్పలేదు” అని పక్కకి తిరిగి పడుకుంది. నాకు నిద్ర పట్టలేదు. కొనలేకపోయినా, ఆ పట్టీల మీద రిబ్బను కుట్టొచ్చు. లేదా రంగుదారంతో గొలుసుకుట్టు మూడు వరసలు వేస్తే అది డిజైను అనుకునేవారు. ఆ మూడు సాయంత్రాల పని నాకు తట్టలేదు. గుడ్డ మిగిలిందా లేదా అన్నదే చూసుకున్నాను, వేసుకున్న పిల్ల మొహం చూడలేదు. ఇప్పుడు మీలో ఎవరైనా పిల్లల పరికిణీలకి, ప్యాంట్లకి మడత విప్పేటప్పుడు ఆ గీత వదిలెయ్యకండి. లేసో, రిబ్బనో, రెండు వరసల కుట్టో ముందే అనుకోండి. ఏ రంగు కావాలో వాళ్ళనే అడగండి.

మర్నాడు బొంత పని మిగిలింది. నెలరోజులుగా పిల్లలతో కలిసి కుడుతున్నాం. ఐదున్నర మీటర్ల చీరని మూడు ముక్కలు చేస్తే ఒక్కోటి ఆరడుగుల పొడుగు వస్తుంది, రెండు చీరలకి ఆరు పొరలు. అంచులు ముందే విడదీసి పెట్టుకోవాలి, చివర చుట్టూ కుట్టడానికి. గంజి పూర్తిగా పోయేలా ఉతకాలి, లేకపోతే పురుగులు చేరతాయి. పొరలు పరిచి మూలల్లో చెంబులు బరువు పెట్టి, టాకాలు నడిమినించి బయటికి వేసుకుంటూ వెళ్ళాలి. అంచులనించి మొదలుపెడితే మధ్యలో ఉబ్బు చేరుతుంది. పిల్లలిద్దరూ టాకాలు వేసేటప్పుడు బొంత మీదే దొర్లారు, అందుకని రెండుసార్లు విప్పాల్సి వచ్చింది. తరవాత రెండు వేళ్ళ ఎడంలో రన్నింగ్ కుట్టు.

పైపొర మాత్రం వెయ్యకుండా ఆపాను. నా దగ్గర మా అమ్మాయి మొదటి జీతంతో కొన్న మంగళగిరి చీర ఉంది. కుచ్చిళ్ళ దగ్గర చివికిపోయింది. రెండు బొటనవేళ్ళ మధ్య పట్టి లాగితే పటుక్కుమంటోంది, అలాంటిది ఇక కుట్టినా నిలవదు. కొంగు మాత్రం గట్టిగా ఉంది. “ఇది వెయ్యనా, నీకు బాధా?” అని అడిగాను. అది చీర చేతిలోకి తీసుకుని చూసి, “కొంగు మధ్యలోకి రానీ” అంది. కూర్చుని తనే టాకాలు వేసింది. ఎప్పుడో నేను నేర్పినవే, మరిచిపోలేదు.

వెళ్ళేరోజు పెట్టెలు సర్దుతూ నాలుగు బట్టలు తీసి నా మంచం మీద పెట్టింది. ఒకదానికి గుండీ లేదు, ఒకదానికి అంచు ఊడింది, మూడోది మోకాలి దగ్గర చిరిగిన ప్యాంటు, నాలుగోది హుక్కులు పోయిన తన జాకెట్టు. “దసరాకి వచ్చినప్పుడు తీసుకెళ్తా. ప్యాంటుకి ఏ దారమో వాణ్ణి ఫోన్లో అడుగు” అంది.

బస్సెక్కేముందు మనవరాలు పన్నెండు సూదులకి దారం ఎక్కించి పెట్టింది, కూలి అడక్కుండా. ఇప్పటికి ఏడు మిగిలాయి.